నీలావతి గుండె, బంధువుల మొక్కులు

గుండె ఆపరేషను అయిన మనిషి ఆ తరువాత ఎలా బతకాలన్నది వైద్యశాస్త్రం పరిధిలోని విషయం కాదు. అది పూర్తిగా బంధువుల శాఖకు చెందినది. 1962 నాటికే ధర్మవరంలో ఈ నియమం అమలులో ఉంది. (వైద్యశాస్త్రానికి ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.)

పట్టుచీరలు నేసే ఓబులేసు భార్య నీలావతికి చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం పోతూపోతూ గుండెలో ఒక కవాటాన్ని బిగించేసి పోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. పడుకుంటే ఊపిరాడదు. ఏళ్ళ తరబడి మగ్గం గుంజకు ఆనుకుని, కూర్చునే నిద్రపోయింది. మద్రాసు వైపు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు ఆ కవాటాన్ని విప్పి, "వేళకు తిను, కొన్నాళ్ళు శ్రమ పడొద్దు, హాయిగా బతుకమ్మా" అని పంపించాడు. పాపం, మంచివాడే. ఆపరేషను గది బయట ఏం జరిగిందో ఆయనకు తెలియదు.

బయట మొక్కులు జరిగాయి. మొక్కుల విధానంలో గొప్ప వెసులుబాటు ఏమిటంటే, మొక్కేవారు ఒకరు, తీర్చేవారు ఇంకొకరు కావచ్చు. అత్త రామసుబ్బమ్మ కోడలి చేత సోమ, గురు, శనివారాలు ఒక్కపొద్దు చేయిస్తానని మొక్కింది. హిందూపురం చిన్నమ్మ గంగులమ్మ ఆమెను కదిరి నరసింహస్వామి గుడిదాకా నడిపిస్తానంది. పెనుకొండ మేనమామ హనుమప్ప, అదే గుడి చుట్టూ ఆమె చేత పొర్లుదండాలు పెట్టిస్తానన్నాడు. ఓబులేసు మెతక మనిషి కాబట్టి భార్య తలనీలాలతో సరిపెట్టాడు. (స్వామి వీటిలో ఏదీ అడిగిన దాఖలాలు లేవు.)

ఇంటికి వచ్చిన నీలావతి మగ్గం పక్కన చాప పరుచుకుంది. నడుం వాల్చేలోపే సభ కూడింది. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరైన హనుమప్ప అధ్యక్షుడు.

"డాక్టరు శ్రమ పడొద్దన్నాడు మామా," అంది నీలావతి.

"డాక్టరు కోసినాడు, కుట్టినాడు. నిలబెట్టింది ఎవురు? ముందు ఆయన పని సూడాల."

"కదిరిదాకా నడిస్తే మళ్ళా ఆయాసం వస్తాదేమో చిన్నమ్మా. నువ్వన్నా తోడు నడుస్తావా?"

"నా మోకాళ్ళు సూడమ్మీ, ఎట్లుండాయో! నేను బస్సులో వస్తా. బస్సు దుడ్లు నావి నేనే పెట్టుకుంటాలే," అంది గంగులమ్మ. ఆ త్యాగాన్ని సభ మెచ్చుకుంది.

నీలావతి చాప అంచు సర్దుకుంటూ చెప్పింది.

"బల్ల మీద సూది వేసే ముందు నేనూ ఒకటి మొక్కుకున్న్యా."

సభ నిటారుగా కూర్చుంది. రోగి సొంతంగా మొక్కుకోవడం ఇదివరకు ఎరగని పరిణామం.

"బతికితే ఒక దినమన్నా కడుపునిండా తిని, కాళ్ళు సాపుకోని పండుకుంటా అని. ఎవురూ లేపకుండా. అందరూ ఎట్ల పండుకుంటారో మర్చేపోయినా మామా."

ఆ మాటకు ఓబులేసు తల వంచుకున్నాడు.

"పండుకోనీ మామా, ఒక్కదినమే కదా," అన్నాడు.

"మొక్కంటే మొక్కే. ఎవురిది కాదంటామబ్బా?" అన్నాడు హనుమప్ప. కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. తాలూకా ఆఫీసులో క్లిష్టమైన ఫైళ్ళన్నీ ఆయన ఇలాగే పరిష్కరించేవాడట. చివరికి ఆయన ముఖం వెలిగింది.

"పొర్లుదండాలు నిలబడి పెడతారా ఏమి? పండుకోనే కదమ్మా పెట్టేది! నీ మొక్కు దాంట్లోనే కలిసిపోతాది."

ఎవరి మనసూ నొప్పించని ఈ తీర్పును సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. గుడి దగ్గర చాప అవసరం ఉండదు కాబట్టి, రామసుబ్బమ్మ దాన్ని చుట్టి అటక మీద పెట్టేసింది.