ఈ ఇంజిను ఎవరిది

ఆ రోజు ప్రూఫ్‌రీడరు పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలకల్లా వాహనాల ఆఫీసుకు వెళ్లి, ఈ మధ్యే కొన్న పాత మోటారుసైకిలును తన పేరుకు మార్పించుకోవడం. ఆయన పనిచేసే ప్రెస్సు ఊరి చివరికి మారిపోతోంది. సోమవారం నుంచి రెండు బస్సులు మారి వెళ్లడం ఆయన నడుముకు సరిపడే సంగతి కాదు. అందుకని బావమరిది నాలుగు వీధులు గాలించి ఈ బండిని చూసిపెట్టాడు. సగం రోజు సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకొని, కాగితాలు కవరులో సర్దుకొని బయల్దేరబోతూ ప్రూఫ్‌రీడరు ఒక పొరపాటు చేశాడు. ఆ కాగితాలు చదివాడు.

ఇరవై రెండేళ్లుగా అక్షరం మీద వేలు పెట్టి బతుకుతున్న మనిషి. కంటబడినదాన్ని సరిచూడకుండా వదలడం ఆయన వల్ల కాదు. కాగితంలో ఉన్న ఇంజిను నంబరు కోసం బండి పక్కన గొంతుక్కూర్చుని వెతికాడు. జిడ్డు కింద ఏవో అంకెలు కనబడ్డాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూస్తే, ఒక్కటీ కలవలేదు.

"బండి స్టార్టవుతోంది, బ్రేకేస్తే ఆగుతోంది. నంబరు ఎవరు చూస్తారు బావా?" అన్నాడు బావమరిది.

"నేను చూశానుగా."

"చూడనట్టుండు."

"మరి ఈ ఇంజిను ఎక్కడిది?"

"బండిది."

"బండిది కాదనే కదరా చెప్తున్నాను."

అమ్మినాయనకు ఫోను చేస్తే, తాను కొన్ననాటికే ఆ ఇంజిను ఉందనీ, అంతకు మించి తనకేమీ తెలియదనీ చెప్పి పెట్టేశాడు. ప్రూఫ్‌రీడరు బండిని వీధి మలుపులో ఉన్న మెకానిక్ దగ్గరికి నెట్టుకుపోయాడు. మెకానిక్ చెవి ఆనించి విన్నాడు, గోటితో గీకాడు, పెద్దడాక్టరులా నిట్టూర్చాడు.

"పైనుంచి చెప్పలేం సార్. విప్పి చూడాలి."

"ఎక్కడిదో తెలియడానికి విప్పాలా?"

"తెలియాలంటే విప్పాలి. అక్కర్లేదంటే ఇలాగే తోలుకోండి."

ఆ రెండో మాట పట్టుకొని ఇంటికి వచ్చేసి ఉంటే బాగుండేది. గంట తిరక్కుండా ఇంజిను ముక్కలై రెండు బేసిన్లలో కూర్చుంది.

"సిలిండరు ఒక బండిది, పైమూత ఇంకో బండిది. ఈ కింది డబ్బా మూడోదానిది, నంబరు దీని మీదే ఉంది," అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ. "ఇది ఇంజిను కాదు సార్, ఉమ్మడి కుటుంబం."

ఈలోగా బావమరిది సాయం చేద్దామనుకున్నాడు. నంబరును ఫోటో తీసి, 'ఈ ఇంజిను ఎవరిదో వాళ్లు సంప్రదించగలరు' అని ఇంటి చిరునామాతో సహా ఫోనులోని కాలనీ గ్రూపులో పెట్టాడు. చదివినవాళ్లకు, ఎవరిదో ఇంజిను దొరికిందనీ వచ్చి పట్టుకుపోవచ్చనీ అర్థమైంది.

"పంపేముందు నాకొక్కసారి చూపించకూడదూ? దిద్ది ఇచ్చేవాణ్ణిగా," అని ప్రూఫ్‌రీడరు తల పట్టుకున్నాడు. అప్పుడే భార్య ఫోను చేసింది.

"ఏమండీ, మన గుమ్మంలో ముగ్గురు నిలబడి ఇంజిను ఇమ్మంటున్నారు. ఒకాయన గోనెసంచి కూడా తెచ్చుకున్నాడు."

"మన దగ్గర లేదని చెప్పు."

"చెప్పాను. ఎక్కడుందో కూడా చెప్పాను."

"అదెందుకు చెప్పావు?"

"లోపలికొచ్చి వెతుకుతామంటే ఏం చేయమంటారు? ఇల్లు తాళం వేసి నేనూ వాళ్లతోనే వస్తున్నాను."

వచ్చినవాళ్లలో మంగలి షాపాయన, తన బండి ఏడేళ్ల కిందట పోయిందనీ ఇది దానిదేననీ అన్నాడు. బేకరీ ఆయన తనది మొన్ననే పోయిందన్నాడు. గోనెసంచి ఆయనకు బండే లేదు. ఎవరూ తీసుకోకపోతే తాను తీసుకుందామని వచ్చాడట. మంగలి షాపాయన దారిలో ఒక కానిస్టేబులును కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"ఆనవాళ్లు చెరిపేయడానికి విప్పించారా?" అన్నాడు కానిస్టేబులు పుస్తకం తెరిచి.

"తెలుసుకోవడానికి విప్పించాను."

"రాస్తే రెండూ ఒకలాగే ఉంటాయి," అంటూ అతను రాయసాగాడు. ప్రూఫ్‌రీడరు ఊరుకోవాలనే అనుకున్నాడు. రెండు వాక్యాల దాకా ఊరుకున్నాడు కూడా.

"ఇంజినులో జకారానికి గుడి ఉండాలండీ," అన్నాడు మెల్లగా.

కానిస్టేబులు కలం మూసి, అందరూ వాహనాల ఆఫీసుకు పదండన్నాడు. నంబరున్న డబ్బాను పాత దుప్పటిలో చుట్టి, రెండు ఆటోల్లో ఊరేగింపుగా వెళ్లారు.

ఆఫీసు గుమస్తా పాత రిజిస్టరు దించి, దుమ్ము దులిపి, వేలితో వరుసలు దిగుతూ ఒకచోట ఆగాడు. పేరు చదివాడు. తండ్రి పేరు చదివాడు. చిరునామా చదివాడు. ఎక్కడైనా ఒక్క అచ్చుతప్పు దొరక్కపోతుందా అని ప్రూఫ్‌రీడరు బల్ల మీదికి వంగి చూశాడు. దొరకలేదు. అన్నీ ఆయనవే.

పెళ్లయిన కొత్తలో ఆయనకొక బండి ఉండేది. దాన్ని అడిగిన మొదటివాడికి అమ్మేసి చేతులు దులుపుకున్నాడు. కొన్నవాడు పేరు మార్పించుకోనేలేదు. లోకంలోని అక్షరాలన్నీ చదివిన మనిషి, ఆ బండి ఇంజిను నంబరు మాత్రం ఏనాడూ చదివి ఎరగడు.

"వానలో మనల్ని వంతెన మీద వదిలేసిందే, అదా?" అంది భార్య.

"అదే."

"జన్మలో దాని మొహం చూడనని ఒట్టేసి, మళ్లీ కొనుక్కొచ్చారా?"

ప్రూఫ్‌రీడరు బావమరిది వంక చూశాడు. బావమరిది గోడ మీది నోటీసులు శ్రద్ధగా చదువుతున్నాడు.

"మీ ఇంజిను మీరే దొంగిలించారని రాసుకోవాలా?" అని విసుక్కుని కానిస్టేబులు వెళ్లిపోయాడు. అతని వెనకే ఇద్దరు సొంతదారులూ జారుకున్నారు. గోనెసంచి ఆయన ఒక్కడు ఆగి, "మీకిది కావాలంటారా?" అని మర్యాదగా అడిగాడు. క్షణంపాటు ప్రూఫ్‌రీడరు మనసు ఊగింది. కానీ సోమవారం గుర్తొచ్చి కావాలన్నాడు.

"అయితే ఇంజిను పాత యజమాని తనకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. కొత్త యజమాని ముట్టిందని రాసివ్వాలి," అన్నాడు గుమస్తా. ప్రూఫ్‌రీడరు అక్కడే నిలబడి రెండు కాగితాలూ తప్పుల్లేకుండా రాసి, సంతకాలు చేసి ఇచ్చాడు. గుమస్తా వాటిని పక్కపక్కన పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకొని, మళ్లీ చూశాడు.

"రెండు సంతకాలూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు కాగితాలు వెనక్కి తోస్తూ. "ఎక్కడో తేడా ఉంది."