కంప్యూటర్ గొంతు దొంగ

“ఈ కేసు తేల్చగలిగే బుర్ర తిరుపతి మొత్తంలో ఒకటే ఉండాది,” అన్నాడు పద్మనాభ్, కంప్యూటర్ మీద ఆనించిన భూతద్దంలోంచి కన్ను తీయకుండా.

“ఆ బుర్రే కదా దాన్ని ఈ గతికి తెచ్చింది,” అంది భార్య కోమలవల్లి వంటింట్లోంచి. “పాత సిస్టమే పెట్టండని నిన్నటి నుంచి మొత్తుకుంటాండా.”

“మామూలు సిస్టం మామూలు మనుషులకి. ఇది డిటెక్టివ్ ఇల్లు.”

“మీరు ఆఫీసులో గుమాస్తా.”

“పైకి.”

కిందటి వారం పద్మనాభ్, రేణిగుంట గిడ్డంగిలో పనిచేసే స్నేహితుడు మోహన్‌కృష్ణను పిలిపించి, ఇంటి కంప్యూటర్‌లో సర్వర్ సిస్టం ఎక్కించుకున్నాడు. పెద్ద ఆఫీసుల్లో వందలమందికి పనిచేసిపెట్టే సరుకు అది. మనం నలుగురమే కదా అని భార్య అడిగితే, “రేపు పెరిగితే?” అన్నాడు. యాభై దాటిన మనిషి ఆ మాట అనేసరికి కోమలవల్లి ఇంకేమీ అడగలేదు.

అప్పటినుంచి కంప్యూటర్ మూగబోయింది. నిన్న ఆవిడ మొదటిసారి ఆన్‌లైన్‌లో ఆళ్వార్ల పాశురాలు పాడడం నేర్పబోతే, తడ నుంచి బంగారుపాళ్యం దాకా ఉన్న పిల్లలంతా తెరమీద చేపల్లా నోళ్లు తెరిచి మూశారు. ఫోన్‌లో చూద్దామంటే అంతమంది మొహాలు ఆవిడ కంటికి ఆనవు. క్లాసులు ఏర్పాటు చేసిన అమ్మాయి మర్యాదగానే చెప్పింది, ఈరోజు ఆరింటికీ ఇలాగే అయితే ఇంకొకరిని చూసుకుంటానని. పెళ్లయ్యాక కోమలవల్లి తన కోసం అడిగి తెచ్చుకున్న మొదటి పని అది.

“గొంతు దానంతట అది పోదు,” అన్నాడు పద్మనాభ్. “ఎవరో తీసినారు. ఇంట్లో మనిషే.”

“నాయనా, ఒకసారి నన్ను చూడనియ్యి,” అంది కూతురు కమలిని.

“అనుమానితులు సాక్ష్యాన్ని ముట్టుకోకూడదు.”

వేలిముద్రల కోసం ఆయన పూసిన, నామానికి పెట్టుకునే తిరుచూర్ణం ఆమె వేళ్లకి ఇంకా ఎర్రగా అంటుకునే ఉంది.

అయితే పద్మనాభ్ అసలు అనుమానం తండ్రి దేవనాథన్ మీద. పెద్దాయనకు కంప్యూటర్ అరుపులు గిట్టవు. “ఇప్పుడే బాగుండాది,” అని వారంగా మూగ పంచాంగం వీడియో చూసుకుంటూ నవ్వుకుంటున్నాడు. అంతకన్నా ఏం కావాలి?

క్లాసుకు అరగంట ఉందనగా పద్మనాభ్ ఉచ్చు పన్నాడు. వానలని గదిలోనే దండెం మీద ఆరేసిన భార్య మడిచీర వెనక, దానికి తగలకుండా ఊపిరి బిగించి నక్కాడు.

దేవనాథన్ వచ్చి పంచాంగం చూసి, కంప్యూటర్ ఆపబోయాడు. సర్వర్ సిస్టం ఊరికే ఆగదు, ఎందుకు ఆపుతున్నావో కారణం రాయమంటుంది. అడిగినదానికి జవాబు చెప్పకుండా లేచిపోయే అలవాటు పెద్దాయనకు లేదు. ‘పోతాను’ అనే అలవాటు అసలే లేదు. కళ్లద్దాలు సర్దుకుని ఒక్కో అక్షరమే కొట్టాడు: “సంధ్యావందనానికి వేళయింది. పోయి వస్తాను.”

చీర వెనకనుంచి చదివిన పద్మనాభ్‌కు ఒళ్లు గగుర్పొడిచింది. నేరస్తుడు నేరస్థలానికి మళ్లీ వస్తానని స్వయంగా ఒప్పుకుంటున్నాడు.

“దొరికినావు నాయనా. కదలద్దు,” అంటూ దూకాడు. ఆయనతోపాటు చీర దూకింది. చీరతో దండెం వచ్చి మౌసు మీద పడింది.

“ఏమిరా పద్దూ, చీర కట్టుకున్నావు?” అన్నాడు దేవనాథన్.

“మడిచీర,” అంది గుమ్మంలోంచి కోమలవల్లి. ఆ ఒక్క మాటే అంది.

దండెం దెబ్బకి మూలనున్న సౌండు గుర్తు నొక్కుకుని, తెరమీద కారణం అడిగే పెట్టె పోయి ఇంకోటి వచ్చింది. కమలిని వంగి చదివింది. “శబ్దం సర్వీసు ఆగి ఉండాదంట. మొదలుపెట్టాలా అని అడగతాండాది.”

“ఎవరూ ముట్టద్దు, అది వల,” అంటూ పద్మనాభ్ చీర చిక్కులోంచి లేవబోయి, మోచెయ్యి కీబోర్డ్ మీద ఆనించాడు.

“...ఈ దినము నూతన కార్యములకు మిక్కిలి అనుకూలము,” అని పంచాంగం పంతులుగారు ఇల్లదిరేలా ప్రకటించారు. దేవనాథన్ చెవులు మూసుకున్నాడు.

“ఇది ఆఫీసుల సిస్టం కదా నాయనా,” అంది కమలిని. “పాటలతో ఆడ పనేముండాది? మొదటి నుంచే సౌండు ఆపి పెట్టినారు.”

“అట్లయితే దొంగ?”

“దొంగని రేణిగుంట నుంచి పిలిపించింది నువ్వే.”

పద్మనాభ్ భూతద్దం పంచెకు తుడుచుకున్నాడు. “నాకు మొదటి నుంచీ నామీదే అనుమానం.”

ఆరింటికి తెరలోంచి “వినపడతాండాది మామీ” అని పిల్లలంతా ఒకేసారి అరిచారు. మొదటి పాశురం ఎత్తుకున్నప్పుడు కోమలవల్లి గొంతు కాస్త వణికింది. రెండోదానికి నిలబడింది. గది బయట పద్మనాభ్ మడిచీర మళ్లీ తడిపి పిండుతున్నాడు.

భోజనాల దగ్గర ఆవిడ అందరికీ సాత్తుముదు చారు వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అన్నంత మెల్లగా చెప్పింది.

“ఆదివారం కమలిని పాత సిస్టం ఎక్కిస్తాది. ఎందుకు, ఎందుకని అడిగేది మన ఇంట్లో ఇంక వద్దు. రోజూ ఆరింటి నుంచి ఆ గది నాది. ఆ పూట వంట మీది.”

పద్మనాభ్ ముద్ద ఆపాడు. “ఎందుకు?”

“ఇప్పుడే కదా చెప్పినా,” అని కోమలవల్లి ఆయన విస్తట్లో ఇంకో గరిటె పోసింది.