మౌలాలీ హాజరు

పల్నాడు తాలూకాలో ఇక మీదట చెవిటితనం వల్ల ఎవరికీ ఏ కష్టమూ ఉండబోదని సున్నపురాయి కాంట్రాక్టరు చెన్నకేశవులు గారు ప్రకటించారు. పందొమ్మిది వందల నలభై ఎనిమిది, ఉగాది వెళ్ళిన మూడో రోజు. దాచేపల్లిలో సొంత ధాన్యం కొట్టు ముందు పందిరి వేయించి, గుంటూరు నుంచి మైకు తెప్పించి మరీ ప్రకటించారు.

చెవిటివాళ్ళ సభకి మైకెందుకని ఒకరిద్దరు అడిగారు. మామూలు సభలకి పెట్టి వీళ్ళ సభకి పెట్టకపోతే వీళ్ళని చిన్నచూపు చూసినట్టవుతుందని కార్యదర్శి కృష్ణయ్య బదులు చెప్పాడు. అడిగినవాళ్ళు సిగ్గుపడ్డారు.

పల్నాడు బధిర అంగహీన సేవా సంఘం అని పేరు. అధ్యక్షులు చెన్నకేశవులు గారు. ఉపాధ్యక్షులు వారి బావమరిది. కోశాధికారి వారి పెద్దల్లుడు. కార్యవర్గంలో ఒక్క చెవిటివాడూ, ఒక్క కుంటివాడూ లేకపోవడం సంఘం నిష్పక్షపాతానికి నిదర్శనమని కృష్ణయ్య మైకులో చెప్పాడు.

పెదకోటయ్య వెనక వరసలో నిలబడి ఇదంతా విన్నాడు. చెన్నకేశవులు గారి క్వారీలో అతనిది డబ్బా కొట్టే పని. రాతికి బెజ్జం తొలిచి, మందు కూరి, వత్తి అంటించే ముందు ఖాళీ కిరసనాయిలు డబ్బా మోగిస్తాడు. కూలీలంతా పరుగెత్తి బండల చాటున పడుకుంటారు. వాళ్ళలో మౌలాలీ ఒక్కడికి మాత్రం డబ్బా పనికిరాదు. పుట్టు చెవుడు, మాట కూడా రాలేదు. అతనికోసం పెదకోటయ్య చిన్న రాయి తీసి వీపు మీద విసిరేవాడు. పదకొండేళ్ళలో ఒక్కసారీ గురి తప్పలేదు.

పెదకోటయ్య భార్య రోశమ్మ చనిపోయి నాలుగేళ్ళు. అప్పటినుంచీ అతనికి మౌలాలీ పక్కన కూర్చుని సద్ది తినడమే సుఖంగా ఉంది. ఊళ్ళో తనని ఓదార్చనివాడు మౌలాలీ ఒక్కడే.

తాలూకా ఊళ్ళనుంచి బండ్ల మీద తెచ్చిన పద్నాలుగు మంది చెవిటివాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టారు. కృష్ణయ్య వాళ్ళకి సైగలతో ఒకే ఒక్క విద్య నేర్పాడు. అధ్యక్షుల వారు కుర్చీలోంచి లేవగానే చప్పట్లు కొట్టాలి. మూడుసార్లు చూపిస్తే వచ్చేసింది. ఆ తర్వాత హాజరు పిలిచాడు.

"మౌలాలీ!"

మౌలాలీ రెండు బారల దూరంలో కూర్చుని మైకు మెరుపు చూస్తున్నాడు.

"మౌలాలీ! రాలేదా?"

"నీ ఎదురుగానే ఉన్నాడు గదయ్యా!" అని వెనకనుంచి పెదకోటయ్య అరిచాడు.

"ఉంటే పలకాలిగా? రూలు రూలే" అని కృష్ణయ్య పుస్తకంలో గైరుహాజరు రాసుకున్నాడు.

పద్నాలుగు మందీ గైరుహాజరయ్యారు. పలికినవాళ్ళు ఇద్దరు కుంటివాళ్ళు, ఒక గుడ్డివాడు. బధిర సోదరులు తమ సంఘం పట్ల ఇంత నిరాసక్తంగా ఉండడం శోచనీయమని అధ్యక్షుల వారు ముందు వరస వైపు చూస్తూ బాధపడ్డారు. బాధలోంచి తేరుకుని మొదటి తీర్మానం చదివారు.

"వినికిడి లేని అభాగ్యుల్ని మందు పేలే చోట పనికి పెట్టడం అమానుషం. ఈ సంస్కరణ నా క్వారీతోనే మొదలుపెడుతున్నాను. రేపటినుంచి మౌలాలీకి పనిలేదు."

చదివి లేచారు. ముందు వరస చప్పట్లు కొట్టింది. అందరికన్నా గట్టిగా కొట్టినవాడు మౌలాలీ.

మర్నాడు పొద్దున్నే మౌలాలీ భార్య హజ్రా బీ అధ్యక్షుల వారి అరుగు ముందు నిలబడింది. పెదకోటయ్య తోడొచ్చాడు.

"సంఘం పెట్టింది సాయం చెయ్యటానికా, కూడు తీసెయ్యటానికా అయ్యా?" అంది హజ్రా బీ.

"నీ మొగుడి ప్రాణం కాపాడాం. ఇంతకంటే సాయం ఏముంటుందమ్మా?" అన్నారు చెన్నకేశవులు గారు.

"పదకొండేళ్ళ నుంచి వాడికేం గాలేదు గదయ్యా!"

"కాకముందు కాపాడితేనే గొప్ప. అయినాక ఎవడైనా కాపాడతాడు."

"మరి తిండి?"

దానికి కృష్ణయ్య బదులిచ్చాడు. "ఇది చెవిటివాళ్ళ సంఘం. ఆకలి మా పరిధిలోకి రాదు."

పెదకోటయ్య తువ్వాలు చంకలో పెట్టుకుని అన్నాడు. "అయ్యా, డబ్బా ఇనపడదనే గదా మీ బాధ? కంటికి కనపడేట్టు ఓ గుడ్డ ఎత్తితే? అందరికంటే ముందు వాడే చూస్తాడు. చెవుల్లేనోడికి కళ్ళు చానా చురుకు."

చెన్నకేశవులు గారు కాఫీ తాగుతూ ఆలోచించారు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఆ ఆలోచన వారిదే అయింది.

"సంఘం దీర్ఘంగా పరిశోధించి కనిపెట్టిన విధానం అని రాసుకో కృష్ణయ్యా. వచ్చే బుధవారం మంత్రి గారు మాచర్ల వెళ్తూ మన క్వారీ మీదుగానే పోతారు. ఆగి చూడమందాం. ఒరేయ్ కోటయ్యా, వాణ్ణి పన్లోకి రమ్మను."

"గుడ్డ ఇప్పించండయ్యా."

"విధానం మేమిచ్చాం. గుడ్డ కూడా మేమే ఇవ్వాలంటే ఎట్టారా?"

తెల్లగుడ్డ పనికిరాలేదు. సున్నపురాయి దుమ్ములో మనుషులే తెల్లగా ఉంటారు, గుడ్డనెవడు చూస్తాడు? పచ్చది కంపచెట్లలో కలిసిపోయింది.

"ఎర్రదైతే అల్లంత దూరానికి ఆనుద్ది బాబాయ్" అంది హజ్రా బీ.

కంట్రోలు రోజులు. కొత్తగుడ్డ దొరికే మాట లేదు. పెదకోటయ్య మౌలాలీనీ, హజ్రా బీనీ తన ఇంటికి తీసుకెళ్ళి పెట్టె తెరిచాడు. రోశమ్మ ఎర్రచీర, కోటప్పకొండ తిరునాళ్ళలో కొన్నది, రెండుసార్లు కట్టింది. నాలుగేళ్ళుగా దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, మడత కూడా విప్పలేదు. ఇప్పుడు విప్పి, మధ్యలో పళ్ళతో కొరికి, బర్రున చించాడు. ఆ చప్పుడుకి హజ్రా బీ మొహం పక్కకి తిప్పుకుంది. మౌలాలీకి చప్పుడు వినపడలేదు. అతనూ తిప్పుకున్నాడు.

ఆ ఏడు ఎర్రరంగుకి ఉన్న అర్థం ఆ ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. కృష్ణ అవతల రజాకార్లు, ఇవతల కమ్యూనిస్టుల కోసం రిజర్వు పోలీసులు. దాచేపల్లి చుట్టుపక్కల ఎర్ర తలగుడ్డ కట్టినవాణ్ణి ఆపకుండా పోనిచ్చేవాళ్ళు కాదు.

సోమ, మంగళవారాలూ, బుధవారం పొద్దునా విధానం దివ్యంగా నడిచింది. పెదకోటయ్య వెదురుకర్రకి కట్టిన గుడ్డ ఎత్తేవాడు. మౌలాలీ అందరికంటే ముందు బండ చాటుకి చేరి, తనకన్నా ఆలస్యంగా వచ్చినవాళ్ళని చూసి నవ్వేవాడు. పదకొండేళ్ళలో అతను ముందు చేరడం అదే మొదలు.

బుధవారం మధ్యాహ్నం మంత్రి గారి కార్లు మలుపు తిరిగాయి. మంత్రి గారు చూసిందిది. కొండ మీద ఎర్రజెండా లేచింది. నలభై మంది పరుగెత్తి బండల వెనక పొంచారు. కొండ పేలింది. పొగలోంచి చిరుగుల బనీనువాడొకడు ఆ జెండా చేతబట్టి, ఊపుకుంటూ, పళ్ళికిలించుకుంటూ కార్లకి ఎదురొచ్చాడు.

వాడు మౌలాలీ. రెండో కారులో మంత్రి గారి పక్కన తన అధ్యక్షుల వారిని చూసి, పెదకోటయ్య చేతిలోని కర్ర లాక్కుని దిగొచ్చాడు. పని తిరిగి ఇప్పించిన దొరకి దండం పెట్టాలనుకున్నాడు. రెండు చేతుల్లోనూ జెండా ఉంది.

మంత్రి గారు సీటు కిందికి వంగి పరిస్థితిని స్వయంగా పరిశీలించారు.

"ఎవరిదయ్యా ఈ క్వారీ?" అన్నారు అక్కణ్ణుంచే.

"సర్కారు పోరంబోకండి" అన్నారు చెన్నకేశవులు గారు.

"ఆ జెండా?"

"ఇదే మొదలండి చూడటం."

పోలీసులు ఈల ఊదారు. అందరూ ఆగారు. మౌలాలీ ఆగలేదు.

స్టేషన్లో సబిన్స్పెక్టరు గారు కేసు కట్టడానికి చాలా శ్రమపడ్డారు. పేరు చూస్తే రజాకారు. గుడ్డ చూస్తే కమ్యూనిస్టు. ఒకళ్ళనొకళ్ళు చంపుకుంటున్న రెండు పార్టీల్లో ఒకేసారి పనిచేస్తున్న మనిషి దొరకడం జిల్లాలో అదే మొదటిసారి.

"నీ నాయకుడెవడు?"

మౌలాలీ ఆయన పెదవుల వైపు చూశాడు.

"పది లాఠీ దెబ్బలు తిన్నా పేరు చెప్పలేదు. గట్టి ట్రైనింగయ్యా వీడిది" అని సబిన్స్పెక్టరు గారు కాస్త గౌరవంగా అన్నారు.

"వాడు పుట్టు చెవిటోడు దొరా! మాట రాదు. గుడ్డ నాది. ఎత్తింది నేను. అది జెండా గాదు, నా పెళ్ళాం చీర" అన్నాడు పెదకోటయ్య.

"పెళ్ళాన్ని పిలు, సాక్ష్యం చెప్తుంది."

"చచ్చిపోయింది దొరా."

"ఉన్న ఒక్క సాక్షీ లేదన్నమాట!" అని సబిన్స్పెక్టరు గారు కానిస్టేబుల్ వైపు చూశారు. "వీణ్ణి బయటికి తోయండి. అసలైన కమ్యూనిస్టు ఇంత వాగడు. ఏమయ్యా, వాడు చెవిటివాడే అయితే సంఘం ఉందిగా, సర్టిఫికెట్టు తీసుకురా."

పెదకోటయ్య, హజ్రా బీ కృష్ణయ్య దగ్గరికి పరుగెత్తారు. కృష్ణయ్య పుస్తకం తిప్పాడు.

"మౌలాలీ... గైరుహాజరు. సభకే రానివాడికి సర్టిఫికెట్టు ఎట్టా ఇస్తాం?"

"వచ్చాడయ్యా! నువ్వే గదా పిలిచింది?" అన్నాడు పెదకోటయ్య.

"పిలిచాను. పలకలేదు."

"చెవిటోడు గాబట్టి పలకలా!"

"చెవిటివాడని నువ్వంటే సరా? సర్టిఫికెట్టేదీ?"

హజ్రా బీ పుస్తకం లాక్కోబోయింది. కృష్ణయ్య దాన్ని గుండెలకి హత్తుకుని ఇది ప్రజల ఆస్తి అన్నాడు.

కోర్టులో మౌలాలీకి ఏడాది కఠిన శిక్ష పడింది. తీర్పు చదివి మేజిస్ట్రేటు గారు కుర్చీలోంచి లేచారు. సంఘం నేర్పిన విద్య మౌలాలీ మరిచిపోలేదు. గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఇంకో నెల కలిపారు.

మరుసటేడు శివరాత్రి వెళ్ళాక పెదకోటయ్య, హజ్రా బీ జైలుకి చూడబోయారు. ఖైదీల చేత రోడ్డుకోసం కొండ కొట్టిస్తున్నారని చెబితే అక్కడికి నడిచారు. కొండ కింద వార్డరు ఆపాడు. పైన ఎర్రజెండా లేచింది. ఖైదీలు పరుగెత్తారు. అందరికంటే ముందు మౌలాలీ.

"ఏందయ్యా అది?" అన్నాడు పెదకోటయ్య.

"మందు పేలే ముందు ఎర్రజెండా ఎత్తాలయ్యా. సర్కారు రూలు. ఎత్తకపోతే మా ఉద్యోగాలు పోతాయి."



మౌలాలీ దిగొచ్చి హజ్రా బీ ముందు నిలబడ్డాడు. చిక్కిపోయాడు. మూడు వేళ్ళు చూపించి, ఇంటి వైపన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంకా మూడు నెలలు. ఆమె కూడా మూడు వేళ్ళు చూపించింది. అతను నమ్మకం చాలనట్టు పెదకోటయ్య వైపు తిరిగాడు. పెదకోటయ్య నేలమీంచి చిన్న రాయి తీసి, అతని వెనక్కి వెళ్ళి వీపు మీద మెల్లిగా విసిరాడు. మౌలాలీ నవ్వాడు.

ఉగాది వెళ్ళిన మూడో రోజు సంఘం వార్షికోత్సవం. అదే పందిరి, అదే మైకు. ముఖ్య అతిథి అదే మంత్రి గారు. జనం నిండుగా కనపడాలని క్వారీ కూలీలు నలభై మందినీ పని మాన్పించి వెనక నిలబెట్టారు. పెదకోటయ్య చీర మిగతా సగం మడిచి చంకలో పెట్టుకొచ్చాడు. మంత్రి గారికి అంచు చూపించి, ఇది జెండా కాదు బాబూ చీర అని చెప్పుకుంటే వదిలేస్తారని అతని ఆశ. మనవి ఎట్టా చేసుకోవాలో హజ్రా బీ అతనికి పదిసార్లు చెప్పి తీసుకొచ్చింది.

కిందటేడు బధిరులంతా గైరుహాజరై సంఘానికి చెడ్డపేరు వచ్చింది కనక ఈసారి కృష్ణయ్య రూలు మార్చాడు. పలికినవాడు చెవిటివాడు కాడు. పలకనివాడే హాజరు.

"మౌలాలీ!"

ఎవరూ పలకలేదు.

"హాజరు" అని రాసుకున్నాడు కృష్ణయ్య.

చెన్నకేశవులు గారు కుర్చీలో కూర్చునే నివేదిక చదివారు. "ఈ సంవత్సరం మన సంఘం ఒక బధిరుడికి సర్కారు వారి రాతిపనిలో ప్రవేశం కల్పించింది. భోజనం, బట్ట, బస ఉచితం. బధిరులకి అనుకూలమైన ఎర్రజెండా సౌకర్యం కూడా కలదు."

మంత్రి గారు మెచ్చుకోలుగా తల ఊపారు.

"అయితే ఈ ఉపాధి జ్యేష్ఠంతో ముగిసిపోనుందని తెలిసి సంఘం చింతిస్తోంది. మరో మూడేళ్ళు పొడిగించమని సర్కారు వారికి మహజరు పంపాలని తీర్మానం. అభ్యంతరం ఉన్న సభ్యులు నోటితో చెప్పండి."

ముందు వరసలో పదముగ్గురూ మైకు వైపు చూస్తున్నారు.

"నాకుంది!" హజ్రా బీ లేచింది. "రెండు నెలల్లో నా మొగుడు ఇంటికి రావాల! మీ సాయం మాకొద్దు!"

"కూర్చో అమ్మా, నీకు చెవులు బానే వినపడతాయి. సభ్యురాలివి కావు" అన్నాడు కృష్ణయ్య.

"నేనొప్పుకోను" అన్నాడు పెదకోటయ్య.

"నీకూ ఓటు లేదు. ఇంకెవరన్నా?"

పెదకోటయ్య చంకలోంచి చీర తీసి, రెండు చేతుల్తో విప్పి, తలపైకి ఎత్తాడు.

అది క్వారీలో మూడు రోజుల అలవాటే. కానీ మందు దగ్గర బతికేవాళ్ళకి మూడు రోజులు చాలు. నలభై మంది కూలీలూ దిక్కుకొకరు పరుగెత్తి గోడల చాటున, బండ్ల కింద పడుకున్నారు. ఎర్రగుడ్డ లేచి జనం పరుగెత్తాక ఏం జరుగుతుందో ఆ సభలో స్వానుభవం మీద తెలిసినవారు ఇద్దరున్నారు. మంత్రి గారు బల్ల కిందికి వెళ్ళారు. చెన్నకేశవులు గారు ఒక్క ఉదుటున కుర్చీలోంచి లేచారు.

ముందు వరసకి వెనక జరిగింది తెలీదు. అధ్యక్షుల వారు లేవడం మాత్రం కనపడింది. పదముగ్గురూ చప్పట్లు కొట్టారు.

కృష్ణయ్య అప్పటికే బల్ల కింద మంత్రి గారి పక్కన ఉన్నాడు. పుస్తకం, కలం చేతిలోనే ఉన్నాయి. చప్పట్లు విన్నాడు. అక్కడే, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాశాడు:

"హాజరైన పద్నాలుగు మంది బధిర సభ్యుల హర్షధ్వానాల మధ్య తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం."