ఉచిత చూపుల నివారణ

జబ్బేమిటో తెలియకముందే దాని ధర తెలిసిన తొలి మానవ తరం మనది. గల్ఫ్‌లో సీబ్ అనే ఊళ్లోని మా క్లినిక్ సిబ్బందికి ఇచ్చిన 'ముందే ధర' ఆరోగ్య బీమా ఇందుకు నిలువెత్తు సాక్ష్యం. యాప్ తెరవగానే, స్పెషలిస్టు చూడటానికి పన్నెండు రియాళ్లని కనిపిస్తుంది. దాపరికం లేదు. (ఎప్పుడు చూస్తారని అడగకూడదు. అది ధర కాదు కదా.)

మణికుమారిది నరసాపురం. గొంతు స్పెషలిస్టు డాక్టర్ ఎహసాన్ గారి దగ్గర నాలుగేళ్లుగా నర్సు. జనవరిలో ఆమె మెడ మీద గడ్డ లేచింది. డాక్టరుగారి కుర్చీకి ఆ మెడ రెండడుగుల దూరం.

"సారుకి ఒకసారి చూపించేసుకుంటాను సెలిన్," అంది, బీమా కౌంటర్లో కూర్చునే అమ్మాయితో.

"వద్దు మణక్కా. సారు చూసేస్తే విజిట్ అయిపోద్ది. లెటర్ లేని విజిట్‌ని ఫ్రాడ్ కింద రాస్తారు. ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి."

స్పెషలిస్టుకి చూపించమని ఆ లెటరు రాయాల్సింది జనరల్ డాక్టరు. మణికుమారి పాలసీకి కేటాయించిన జనరల్ డాక్టరు వంద కిలోమీటర్ల అవతల రుస్తాఖ్‌లో ఉంటాడు. ఆయన ధర రెండు రియాళ్లే. (టాక్సీ వైద్యం కిందకు రాదు.) ఆయన లెటర్లో గడ్డ 'బఠాణీ గింజంత' అని రాశాడు. బీమా కంపెనీ ఫొటో అడిగేసరికి అది ఉసిరికాయంత అయింది. కొలతలు కలవలేదు గనక లెటరు చెల్లలేదు. మళ్లీ రుస్తాఖ్.

ఈలోగా కంపెనీ ఖమరుద్దీన్ గారిని ఉచిత చూపుల నివారణాధికారిగా నియమించింది. ఆయన మర్యాదస్తుడు. మణికుమారికి మెడ కప్పే స్కార్ఫు తెచ్చిచ్చి, డాక్టరుగారి కుర్చీని గోడవైపు తిప్పించారు. "మీ మంచికే సిస్టర్," అన్నారు. ఎహసాన్ గారు నెలల తరబడి తల ఎత్తకుండా ఫైళ్లు అందుకున్నారు. ఆయనకూ పిల్లలున్నారు, ఆయనకూ వీసా కావాలి. అయినా ఆయన మీద నాకు కోపం పోలేదు.

జూన్‌లో అనుమతి వచ్చింది. ధర ఒక్క బైసా (రియాల్లో వెయ్యో వంతు) కూడా పెరగలేదు. యాప్ ఆమెను అభినందించింది.

ఆ రోజు మణికుమారి రోగుల కుర్చీలో కూర్చుంది. డాక్టరుగారు స్కార్ఫు తీయించి, మెడ తడిమారు. ఫైలు రాసేది నర్సే కాబట్టి పెన్ను ఆమెకే ఇచ్చారు.

"రాయండి సిస్టర్. రోగి ఆలస్యంగా వచ్చారు."

మణికుమారి రాసింది. ఆలస్యంగా వచ్చినవారి ఆపరేషను ఖర్చు కంపెనీ భరించదని ఆ కాగితం అడుగున ముందే అచ్చయి ఉంది.