కాకి ముట్టని వంట

ఆదివారం ఉదయం ఆరున్నరకు ఏలూరులో బయలుదేరాలి, తొమ్మిదిన్నరకు పొయ్యి వెలిగించాలి, పన్నెండున్నరకు బాలసరస్వతికి విస్తరి వేయాలి. వేంకటాచలం ఈ మూడూ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా పద్నాలుగేళ్ళ నుంచి పనిచేస్తున్న మనిషి. ఏ పనైనా కాగితం మీద పెట్టకుండా మొదలుపెట్టడు. అయితే ఆయన జీవితంలో వంట గురించి రాసుకున్న మొదటి కాగితం ఇదే.

దానికి కారణం ఉంది. రెండు నెలల కిందట బాలసరస్వతి పెరటి మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ ఇద్దరూ కర్రీ పాయింటు కూరలతోనే గడిపారు. కట్టు విప్పించుకుని ఆటోలో ఇంటికి వస్తూ ఆవిడ మామూలు గొంతుతోనే అడిగింది.

"ఏవండీ, ఇరవై ఎనిమిదేళ్ళు వండాను. బాగుందని ఒక్కసారైనా అన్నారా? సరే, అనకపోతే అనకపోయారు. ఈ ఆరువారాలూ ఆ కొన్న కూరలు కూడా అదే మొహంతో తిన్నారు. నా వంటకీ దానికీ మీకు తేడా తెలియలేదాండీ?"

బాగుండకపోతే చెప్పేవాణ్ణి కదా, చెప్పలేదంటే బాగున్నట్టేగా అని ఇన్నేళ్ళూ వేంకటాచలం నమ్మకం. ఆ సంగతి పైకి అంటే ఇంకా అధ్వాన్నంగా ఉంటుందని ఆటోలోనే అర్థమైంది. రెండు రోజులు ఆలోచించాడు. మాటతో తీరేది కాదు, చేత్తోనే తీర్చాలనుకున్నాడు. కొల్లేటి ఒడ్డున కొత్తగా వేసిన పార్కులో గుడారాలు అద్దెకిస్తున్నారనీ, గట్టు చివర పొయ్యి పెట్టుకోనిస్తారనీ తెలుసుకుని, ఒకటి ఖాయం చేశాడు.

గుడారం దగ్గర సామాను దింపగానే బాలసరస్వతి చెంగు దోపి సంచీ విప్పబోయింది.

"నువ్వు దేన్నీ ముట్టుకోవద్దు. కొల్లేటికోట వెళ్ళి అమ్మవారిని చూసి రా. తిరిగొచ్చేసరికి అన్నం సిద్ధంగా ఉంటుంది."

"మీకు అగ్గిపుల్ల వెలిగించడం వచ్చాండీ?"

"ఫోన్‌లో చూశాను. అన్నీ వచ్చు."

ఆవిడ నవ్వి, ఫోను గుడారంలోనే వదిలేసి, తొమ్మిదింటికి ఆటో ఎక్కింది.

ఆ తర్వాత జరిగినవన్నీ విడివిడిగా చూస్తే చిన్న విషయాలే. ప్యాంటుతో పొయ్యి ముందు కూర్చోలేక వేంకటాచలం పంచె కట్టుకున్నాడు. చొక్కా మీద నిప్పురవ్వ పడి చిల్లు పడితే అదీ విప్పేశాడు. వంగినప్పుడల్లా జంధ్యం మంటలోకి వేలాడుతుంటే కుడి భుజం మీదికి తోసుకున్నాడు. అది పితృకార్యానికి వేసుకునే పద్ధతి అని ఆ కంగారులో ఆయనకు తోచలేదు. ఉత్తరపు గాలికి పొగ మొహాన కొడుతుంటే పొయ్యికి అవతలి పక్కకు మారి దక్షిణానికి మొహం పెట్టి కూర్చున్నాడు. కట్టెలు పచ్చివి. ఎటు కూర్చున్నా కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతూనే ఉన్నాయి.

వంకాయ కూర పావుగంటలో బొగ్గయింది. అన్నం మాత్రం కుండలో ఉడికీ ఉడికీ గంజీ మెతుకూ ఏకమైపోయింది. పారేయడానికి మనసు రాలేదు. ముద్దలు కట్టి ఆరబెడితే గట్టిపడుతుందేమోనని, తమకు చెరొకటి, అమ్మవారి నివేదనకు ఒకటి, మొత్తం మూడు ముద్దలు చేసి అరిటాకులో పెట్టాడు. కూరలోకి తెచ్చిన నల్లనువ్వుల పొట్లం అందుకోబోతే గాలికి ఎగిరి ఆ ముద్దల మీదే చిమ్మింది.

అదే సమయానికి బాపిరాజు మోటారు సైకిలు మీద గట్టున వస్తున్నాడు. ఆ పక్కనే ఆయన చేపల చెరువులున్నాయి. కిందటి నెలలోనే తండ్రి కర్మ చేసిన మనిషి. నీటి ఒడ్డు, దక్షిణం మొహం, కుడి భుజాన జంధ్యం, మూడు ముద్దలు, నువ్వులు, కన్నీళ్ళు చూశాడు. బండి ఆపి చెప్పులు విప్పి మెల్లగా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. పక్కన పురోహితుడు కూడా లేడే, పాపం ఒక్కడే చేసుకుంటున్నాడే అని ఆయన గుండె కరిగిపోయింది.

"ఎవరండీ వెళ్ళిపోయింది?" అని అడిగాడు గొంతు తగ్గించి.

ఆటో వెళ్ళడం ఈయన చూసినట్టున్నాడు అనుకున్నాడు వేంకటాచలం. "మా ఆవిడండీ."

"అయ్యో. ఏ వేళప్పుడండీ?"

"తొమ్మిదింటికండీ."

ఏ రోజు తొమ్మిదింటికి అని ఎవరూ అడగరు. బాపిరాజు కూడా అడగలేదు. "బాధపడ్డారాండీ?"

"లేదండీ. నవ్వుతూనే వెళ్ళింది. చెయ్యి కొంచెం లాగుతోందని మాత్రం పొద్దున అంది."

చెయ్యి లాగితే అది గుండెపోటేనని బాపిరాజుకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. "మీది ఏ ఊరండీ? మీవాళ్ళెవరూ రాలేదాండీ?"

"ఏలూరండీ. మా అక్కయ్య సీతారత్నం గుండుగొలనులో ఉంటుంది. మా బావగారు హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు. వాళ్ళకి చెప్పలేదండీ. ఎందుకు, మేమిద్దరమే చాలనుకున్నాం."

"మా మేష్టారి బావమరిదాండీ మీరు!" బాపిరాజు కళ్ళు చెమర్చాయి. నాలుగడుగులు పక్కకు వెళ్ళి మేష్టారికి ఫోన్ చేశాడు. చెరువు మీద పనిచేసే వరమ్మను, ఇంకో పదిమందిని పిలిపించాడు. చనిపోయిన మనిషి ఎవరైతేనేం, ఒంటరిగా సాగనంపకూడదన్నాడు. అందరూ చెప్పులు దూరంగా విప్పి, చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు.

వేంకటాచలం సిగ్గుతో కుంచించుకుపోయాడు. మాడిన కూరను మూతపెట్టి దాచాడు. మగవాడు వంట చేస్తుంటే చూడ్డానికి ఇంతమంది వస్తారని ఆయన అనుకోలేదు. వచ్చినా ఒక్కరూ నవ్వకపోవడం చూసి, ఎంత మర్యాదస్తులో అనుకున్నాడు.

గుడారంలో బాలసరస్వతి ఫోను మోగింది. ఆయన రెండు చేతుల నిండా అన్నమే.

"అమ్మా, కాస్త అది తీసి, ఆవిడ లేదని చెప్పమ్మా" అన్నాడు వరమ్మతో.

వరమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల సీతారత్నం. తమ్ముడి భార్య నిక్షేపంగా ఉండి ఉంటుంది, ఆ బాపిరాజు ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో అని, తేల్చుకోవడానికి చేసింది.

"ఆవిడ లేరండీ" అంది వరమ్మ. అని ఇక ఆపుకోలేక భోరుమంది.

ఇక సందేహానికి చోటు లేకపోయింది. అరగంటలో కామవరపుకోట దాకా బంధువులందరికీ కబురు అందిపోయింది.

ఇక్కడ గట్టు మీద వేరే చిక్కు వచ్చింది. కొల్లేరు నిండా ఇన్ని పక్షులుండగా, ఎదురుగా చెట్టు మీద నాలుగు కాకులుండగా, ఒక్కటీ ఆకు వైపు రాలేదు. జనం చెట్టు వైపు చూసి, ముద్దల వైపు చూసి, నిట్టూర్చారు.

"కాకి ముట్టట్లేదండీ" అన్నాడు బాపిరాజు విచారంగా.

వేంకటాచలం తల దించుకున్నాడు. తన వంట బాగుండదని తెలుసు గానీ, కాకి కూడా ముట్టనంత అన్యాయంగా ఉంటుందనుకోలేదు.

"ఆవిడ మనసులో ఏదో ఉండిపోయిందండీ. మిమ్మల్ని ఏదో అడిగే ఉంటారు. మీరు చెయ్యలేదేమో. గుర్తు తెచ్చుకోండి."

వేంకటాచలం ఉలిక్కిపడ్డాడు. ఆటోలో జరిగిన మాట ఈ పరాయి మనిషికి ఎలా తెలిసింది? కానీ ఆ గొంతులో ఎగతాళి లేదు. ఇరవై ఎనిమిదేళ్ళలో తనను ఎవరూ ఇంత నెమ్మదిగా ఏదీ అడగలేదు.

"బాగుందని ఒక్కసారి అనమందండీ" అన్నాడు చివరికి. "వంట. నేనెప్పుడూ అనలేదు."

"బాగుండేది కాదాండీ?"

"ఎందుకుండదండీ! పనసపొట్టు కూర వండితే మెతుకు మిగిలేది కాదు. మా నాన్నగారు ఆఖరి రోజుల్లో ఏదీ మింగలేకపోతే, జావలో వాము వేసి, చల్లార్చి, చెంచాతో గంటన్నర కూర్చుని తాగించేది. ఆ గిన్నె ఖాళీ అయ్యాక ఆయన ఈవిడకి దణ్ణం పెట్టేవారు. నేను పక్కనే పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి."

ఆ మాట పైకి అన్నాక ఆయన కళ్ళలో నీళ్ళు పొగవి కావు.

"ఇప్పుడు చెప్పండి. అటు తిరిగి, పేరు పెట్టి చెప్పండి. వింటారు" అన్నాడు బాపిరాజు.

ఆవిడ తిరిగొచ్చేలోగా ఒకసారి అనుకుని చూసుకోవడం మంచిదేననిపించింది వేంకటాచలానికి. లేచి నీళ్ళ వైపు తిరిగాడు.

"సరస్వతీ, నీ వంట బాగుండేది. ప్రతిపూటా బాగుండేది. చెప్పకపోవడం నా తప్పు."

చెట్టు మీంచి ఒక కాకి దిగింది. మధ్య ముద్దను ముక్కుతో పొడిచి, పెద్ద పెళ్ళ తీసుకుని ఎగిరిపోయింది. గట్టంతా ఒక్కసారి ఏడ్చింది.

ఆటో దిగిన బాలసరస్వతికి వెనక వరసలో ఉన్న ఒకావిడ చెప్పింది, పాపం ఎవరో పెద్దాయన, ఇల్లాలు పోయిందట, ఎంత బాగా చెప్పుకుంటున్నాడో అని. అంత ప్రేమగల మొగుడున్న ఆ తల్లి అదృష్టవంతురాలని బాలసరస్వతి కూడా కళ్ళు తుడుచుకుంది. చేతిలో అమ్మవారి కుంకుమ, కొబ్బరిచిప్పతో జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది.

"ఏవండీ, ఎవరండీ పోయింది?"

వేంకటాచలం గబుక్కున వెనక్కి తిరిగాడు. "వచ్చేశావా! ఇదిగోనండీ, మా ఆవిడ" అన్నాడు బాపిరాజుతో.

వరమ్మ చేతిలోంచి ఫోను జారిపోయింది. నలుగురు గట్టు దిగి పరుగెత్తారు. బాపిరాజు ఉన్నచోటే కూలబడ్డాడు. విషయం విడదీసి చెప్పుకోవడానికి పావుగంట పట్టింది. చివర్లో బాపిరాజు రెండు చేతులూ జోడించాడు.

"నన్ను క్షమించండమ్మా. మీ వాళ్ళందరికీ ఫోన్లు వెళ్ళిపోయాయండీ. భీమడోలులో దండ కూడా కట్టమన్నానండీ."

"పరవాలేదండీ. మీరు మంచికే చేశారు" అంది బాలసరస్వతి. తర్వాత మధ్యాహ్నమంతా ఆవిడ ఫోనుకు తీరిక లేదు. "నేనేనండీ, సరస్వతినే. బతికే ఉన్నానండీ" అని ఒక్కొక్కరికీ చెప్పింది. ఒకరిద్దరు నమ్మడానికి చాలాసేపు తీసుకున్నారు.

ఆ ఫోన్ల మధ్య కాస్త ఖాళీ దొరికినప్పుడు, చల్లారిన పొయ్యి దగ్గర కూర్చుని భర్తను అడిగింది.

"ఇందాక అటు తిరిగి అన్నది నా గురించేనాండీ?"

"విన్నావా?"

"వెనక వరసలో ఆవిడ చెప్పింది. బాగుండేది అన్నారట. ఉండేది ఏమిటండీ, నేనేం వంట మానేశానా?"

వేంకటాచలం ఈసారి నీళ్ళ వైపు తిరగలేదు. "ఉంటుంది. చాలా బాగుంటుంది" అన్నాడు ఆవిడ మొహం చూస్తూ. ఆవిడ ఇంకేమీ అనకుండా, విరిగి అతికిన చేత్తో ఆయన జంధ్యం ఎడమ భుజం మీదికి సరిచేసింది.

కంగారులో ఫోను ఇంట్లోనే మరిచి బయలుదేరిన సీతారత్నం కారు ఒంటిగంటకు గట్టు మీద ఆగింది. మరదల్ని చూసి ముందు కేకపెట్టింది, తర్వాత కౌగిలించుకుంది, ఆ తర్వాత తమ్ముణ్ణి పదినిమిషాలు తిట్టింది. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించరని ఆవిడ నాలుగు గిన్నెల క్యారియర్లు రెండు నింపుకొచ్చింది. ముద్దపప్పు, దొండకాయ వేపుడు, చారు, గడ్డ పెరుగు. బాపిరాజును, వరమ్మను కూడా కూర్చోబెట్టి, అందరికీ ఆకులు వేసింది.

జరిగినదానికి అందరూ ఇంకా అదిరిపడే ఉన్నారు కాబట్టి ఎవరికీ ముద్ద దిగలేదు. మారు వడ్డించుకున్నది చనిపోయినావిడ ఒక్కరే.