కాకరకాయ గురువారాలు

ఆ గురువారం ఉదయం దామోదరం పెట్టుకున్న పని ఒక్కటే, రెండు కప్పుల కాఫీ కలపడం. మద్రాసు సౌకార్‌పేటలో మేడమీది ఒంటిగదిలో కాలం గడిపే మనిషికి అదేమీ చిన్న పని కాదు. మిరపకాయల మండీలో గుమాస్తా పని మానేసి ఎనిమిదేళ్లు, భార్య పోయి నాలుగేళ్లు. ఆవిడ పోయాక రెండో కప్పు గూట్లో బోర్లించింది బోర్లించినట్టే ఉండిపోయింది. ఈ నాలుగు నెలలుగా మాత్రం గురువారం గురువారం దానికి కాస్త వెచ్చదనం తగులుతోంది.

అందుకు కారణం జనని. తొంభై మూడో సంవత్సరం వేసవిలో ఒక వైద్య కళాశాల వాళ్లు కాకరకాయతో బి.పి. తగ్గుతుందా అని సర్వే మొదలుపెట్టి, ఇంటింటికీ వెళ్లి బి.పి. కొలిచి ఫారాలు నింపడానికి ఆ అమ్మాయిని పెట్టారు. మొదటిరోజే అడిగింది:

"కాకరకాయ తింటారా తాతా?"

"తింటే ఏమి, తినకుంటే ఏమి మా?"

"తినేవాళ్ల ఇంటికి వారం వారం వస్తా. తిననివాళ్ల ఇంటికి మూడు నెలలకొకసారే."

కాకరకాయ వేగే వాసన వస్తే వీధి మారి నడిచే మనిషి దామోదరం. "దినామూ తింటావుండా," అన్నాడు తడుముకోకుండా.

ఆనాడు ఆయన బి.పి. నూట డెబ్బై రెండు. జనని వచ్చినప్పుడల్లా కాఫీ ఇచ్చి, తాను తుఫానులో మిరపకాయల బస్తా నెత్తిన పెట్టుకుని హార్బరు దాకా ఈదిన కథ చెప్పేవాడు. ఆ పిల్ల నవ్వి, ఫారంలో వ్యాయామం దగ్గర "ఈత" అని రాసుకునేది. నాలుగు నెలల్లో బి.పి. నూట ముప్ఫై ఎనిమిదికి దిగింది.

మొదటి నెలలోనే అది దిగడం చూసి కింది వాటాలో ఒంటరిగా ఉండే పంకజం కూడా కాకరకాయ తింటానని రాయించింది. తర్వాత ఎదురింటి ముసలాయన, ఆయన్ను చూసి మూలయింటి అవ్వ. రెండు నెలలు తిరిగేసరికి ఆ వీధిలో ఇరవై ఇద్దరు వృద్ధులు కాగితం మీద కాకరకాయలు నములుతున్నారు. అందరి బి.పి.లూ దిగాయి. ఈ సంగతి విని కొత్వాల్ చావడి కూరగాయల మార్కెట్టు నుంచి ఒకడు ఆశగా రెండు బుట్టల కాకరకాయలు మోసుకొచ్చాడు. ఒక్క కాయైనా అమ్ముడుపోక, ఆ వీధికి దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ గురువారం జనని ఒంటరిగా రాలేదు. వెనకాల కోదండరాం, రాజలక్ష్మి అనే ఇద్దరు డాక్టర్లు మెట్ల మీదే పోట్లాడుకుంటూ ఎక్కారు.

"కాకరకాయే తగ్గించింది!" అన్నాడు కోదండరాం.

"కాకరకాయ తినేవాళ్లు ముందునుంచీ ఒళ్లు చూసుకునే రకం సార్. ఉప్పు తగ్గిస్తారు, నడుస్తారు. తగ్గించింది అదేమో!"

"అదే వయసు, అదే ఉప్పు, అదే నడక ఉన్న తిననివాళ్లతో జత కట్టి చూశానమ్మా. అయినా తినేవాళ్లకే తగ్గింది."

"ఫారంలో అడగనిదాన్ని ఎట్లా జత కడతారు?"

కోదండరాం సంచిలోంచి కాకరకాయలు తీసి దామోదరం ముందు పోశాడు. "పెద్దాయనా, రోజూ ఎట్లా చేసుకుంటారో అట్లాగే చేసుకుని తినండి. ఈవిడ కళ్లతో చూడాలి."

దామోదరం ముక్కలు తరిగాడు, వేయించాడు, జనని ముఖం చూసి కళ్లు మూసుకుని నమిలాడు. ముక్కులోంచీ కళ్లలోంచీ నీళ్లు కారాయి. అప్పుడే కొలిస్తే బి.పి. నూట ఎనభై నాలుగు.

"చూశారా, పెరిగింది!" అంది రాజలక్ష్మి.

"వంటలో తేడా! అసలు రోజూ ఎట్లా చేస్తారు?"

దామోదరం దిక్కుతోచక మెట్ల దగ్గరికి పోయి కేక వేశాడు. "పంకజమ్మా! కాకరకాయ నువ్వు దినామూ ఎట్లా చేస్తావో చెప్పు!"

"నేనెప్పుడు చేసినాను దామోదరన్నా? తింటానంటే ఆ పిల్ల వారం వారం వస్తాదని నువ్వే కదా చెప్పినావు! వీధంతా అట్లే కదా రాయించింది!"

వీధిలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

కోదండరాం ముఖం ఎర్రబడింది. "అయితే ఫారాలన్నీ దొంగవేనా? ఏమ్మా జననీ, ఇదేనా నువ్వు చేసే ఉద్యోగం? రేపటినుంచి రానక్కర్లేదు."

జనని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అదికాదు సార్," అన్నాడు దామోదరం, అడ్డం వచ్చి. "ఆ బిడ్డ తప్పేం లేదు. అబద్ధం నాది. బి.పి. దిగింది మాత్రం నిజం. కాకరకాయతో కాదు. గురువారం ఈడికి ఒక మనిషి వస్తాది. బుధవారం సాయంత్రం నుంచే అది దిగేదానికి మొదలుపెడతాది."

నలుగురికీ రెండే కప్పులు ఉన్నాయని దామోదరానికి అప్పుడు గుర్తుకొచ్చింది.

"ఫారంలో లేనిది ఇదే సార్," అంది రాజలక్ష్మి మెల్లగా. "కానీ ఇదీ ఈయన మాటే. రుజువు కావాలంటే చీట్లు వెయ్యాలి. సగం మందికి జనని వారం వారం వస్తుంది. సగం మందికి ఏడాదిపాటు ఎవరూ రారు. ఆ తర్వాత కొలుద్దాం."

కోదండరాం ఒప్పుకున్నాడు. వాళ్లిద్దరూ ఒకమాట మీదికి రావడం జనని చూడటం అదే మొదలు. జనని ఉద్యోగం నిలిచింది. తన మాట పెద్ద డాక్టర్లు చెవిన పెట్టారన్న సంబరంతో దామోదరం చీట్లకు చక్కెర డబ్బా తానే ఖాళీ చేసి ఇచ్చాడు.

పంకజానికి "వారం వారం" అని వచ్చింది. దామోదరానికి "ఎవరూ రారు" అని వచ్చింది.

"ఇంకొకటి తీస్తా మా?"

"తీస్తే పరీక్ష మొత్తం చెడిపోతుంది సార్," అంది రాజలక్ష్మి, ఎంతో మర్యాదగా.

ఏడాదిపాటు ప్రతి గురువారం జనని చెప్పుల చప్పుడు కింది వాటా దాకా వచ్చి ఆగిపోయేది. పంకజం నవ్వు మేడమీదికి వినిపించేది. ఏడాది నిండాక ఎవరో కొత్త మనిషి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, దామోదరం చేతికి పట్టీ చుట్టి కొలుచుకుపోయాడు. నూట తొంభై ఒకటి.

మనిషి పలకరింపుతోనే బి.పి. దిగుతుందన్న దామోదరం మాట అక్షరాలా నిజమని డాక్టర్లిద్దరూ తేల్చారు; అందుకు అందరికంటే ఎక్కువగా తోడ్పడింది దామోదరం బి.పి.యేనట.