పనిచేస్తున్నట్టు తేలిన ఫ్రీజరు

ఏ వస్తువైనా రెండుసార్లు చావాలి: ఒకసారి ఇంట్లో, ఒకసారి కంపెనీ కాగితాల్లో. ఇంట్లో చస్తే చెవులున్న ప్రతివాడికీ తెలుస్తుంది. కాగితాల్లో చావాలంటే మాత్రం అధికారి రావాలి. ఆయన వచ్చి, చూసి, "పోయింది" అనేదాకా ఆ వస్తువు నిండు నూరేళ్ళు బతికున్నట్టే. (ఇది మనుషులకి కూడా వర్తిస్తుందని పింఛను ఆఫీసు మెట్లెక్కినవాళ్ళు చెబుతారు.)

మటౌరా నది వంపులో ఉండే మెక్‌స్కిమింగ్ దంపతుల గరాజులో పెట్టె ఫ్రీజరు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున మొదటి చావు చచ్చింది. పదేళ్ళు బతుకుతుందని కంపెనీ రాసిచ్చిన ఫ్రీజరు రెండేళ్ళు నిండగానే కన్నుమూసింది. ఆ సంగతి మొదట కనిపెట్టింది ఇల్లాలు నోయెలీన్. ముగ్గురు పిల్లల్ని పెంచిన చెవి ఆమెది. తెల్లారి లేవగానే ఇల్లంతా ఒకసారి చెవితోనే తడిమి చూసుకుంటుంది. గ్యాసు బుసకొడుతోందా, కుళాయి కారుతోందా, పక్కనున్న మొగుడు మర్రే ఊపిరి తీస్తున్నాడా. ఆ పొద్దున మొగుడు ఊపిరి తీస్తూనే ఉన్నాడు కాని, గరాజులోంచి రావలసిన ఒక చప్పుడు రాలేదు.

అది పేరుకే ఫ్రీజరు. పుట్టాక ఒక్కదాన్నీ గడ్డకట్టించిన పాపాన పోలేదు. మర్రే ఊరి మాంసం ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు గొర్రె మాంసాన్ని రాళ్ళలా గడ్డకట్టించి, రిటైరయిన వారంలోనే ఈ పెట్టె కొన్నాడు. "ఇంక నా చేత్తో ఏదీ గడ్డకట్టించను" అని ఒట్టు పెట్టుకున్నాడు. పెట్టెకీ మూతకీ మధ్య ఒక చెక్క చట్రం బిగించి, దానికి నాలుగు కుళాయిలు పెట్టాడు. లోపల తను ఇంట్లో కాచిన బీరు స్టీలు పీపాల్లో ఉండేది. మరీ చల్లబడితే కరెంటు ఆపి, వేడెక్కితే మళ్ళీ ఇచ్చే చిన్న డబ్బా ఒకటి బయట తగిలించాడు. గాలి చల్లదనం చూసేందుకు ఆ డబ్బా నుంచి ఒక తీగ పెట్టెలోకి వేలాడుతుంది. కుళాయి తిప్పితే నురగతో చల్లటి బీరు వస్తుంది.

ఆ పెట్టెని చూసి నోయెలీన్ మొదట్లో పడని భయం లేదు. బీరుకి నురగ పట్టించే గ్యాసు సీసా పేలి గరాజు కప్పు పక్కవాళ్ళ పొలంలో పడుతుందని ఒకటి. మూత జారి ఎవరి మెడమీదో పడుతుందని ఇంకొకటి. బీరు కాచినందుకు పోలీసులొస్తారని మరొకటి. (ఇంట్లో తాగడానికి కాచుకోవడం తప్పు కాదని చట్టంలో ఉంది. కాని చట్టాలు రాత్రికి రాత్రి మారతాయని ఆమె విన్నది.) అయినా ఒప్పుకుంది. ఎందుకంటే ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క పబ్బు నదికి అవతల ఉంది. మధ్యలో ఒకే కారు పట్టే వంతెన, దాని తర్వాత కంకర రోడ్డు. ఒక గురువారం మర్రే అక్కణ్ణుంచి తిరిగొచ్చేసరికి బండి ముక్కు వంకర పోయి, అద్దంలో విల్లో కొమ్మ ఇరుక్కుని ఉంది.

"చెట్టే దారిలోకొచ్చింది" అన్నాడు మర్రే.

తను కారు నడిపి తీసుకెళ్దామా అంటే, ఒకసారి గొర్రెల మంద మధ్య ఇరుక్కుని ఏడ్చినప్పటినుంచీ నోయెలీన్ స్టీరింగు ముట్టలేదు. అందుకే ఫ్రీజరుకి సరేనంది. అప్పటినుంచీ గురువారం సాయంత్రం మర్రే స్నేహితులు పొలాలకి అడ్డంపడి నడుచుకుంటూ గరాజుకే వచ్చేవారు. ఆమె వంటింట్లో చీజ్ రోల్స్ కాలుస్తూ, గోడ అవతల నవ్వులు వింటూ, అందులో మర్రే నవ్వుందని ఖాయం చేసుకుని పెనం దించేది. ఆ పెట్టె పనిచేసినంతకాలం ఆమె మొగుడు వంతెన దాటలేదు. ఆ ఇంట్లో దాని ఉద్యోగం అది.

మరి రెండేళ్ళకే ఎందుకు పోయింది? మర్యాద వల్ల. ఈ ఊళ్ళో ఎవరూ "ఇంకో గ్లాసుందా?" అని అడగరు. అడగడం కంటే దాహంతో చావడం నయమనుకుంటారు. కాబట్టి బీరు ఎంత మిగిలిందో ఎవరికి వాళ్ళే మూతెత్తి, పీపా కొంచెం కదిపి, బరువు చూసుకుని, ఏమీ ఎరగనట్టు మూసేస్తారు. మూతెత్తినప్పుడల్లా వెచ్చటి గాలి లోపలికి పోతుంది. వేలాడే తీగ ఉలిక్కిపడుతుంది, మోటారు మొదలవుతుంది. మూయగానే ఆగుతుంది. ఒక సాయంత్రంలో ఆ మోటారు ఎన్నిసార్లు పుట్టి చచ్చేదో ఆ పైవాడికే తెలియాలి. మర్రేకీ తెలుసు. కాని "మూతెత్తకండ్రా" అనడం కంటే ఫ్రీజరు పోవడమే మర్యాద.

నోయెలీన్ కంపెనీకి ఫోన్ చేసింది. కేలీ అనే అమ్మాయి ఎత్తింది.

"ఫ్రీజరు పోయిందమ్మా" అంది నోయెలీన్.

"అయ్యో, వినడానికి చాలా బాధగా ఉందండీ." (ఇది కాగితం చూసి చదివింది.) "లోపల ఏం పెట్టేవారు?"

"బీరు."

"గడ్డకట్టేదా?"

"గడ్డకడితే పీపా పగలదూ? లేదమ్మా."

"అంటే మీ ఫ్రీజరు ఇన్నాళ్ళూ ఏదీ గడ్డకట్టించలేదు."

"లేదు."

"ఇప్పుడూ గడ్డకట్టించట్లేదు."

"లేదు."

"మరి తేడా ఏమిటండీ?"

కేలీ మంచి పిల్లే. గొంతు తగ్గించి, "మీరు 'బీరు' అన్నారు, నేను వినలేదు. సోమవారం మా ఉద్దేశ నిర్ధారణాధికారి వస్తారు. వస్తువుని ఏ ఉద్దేశంతో అమ్మామో ఆ ఉద్దేశంతోనే వాడుతున్నారా అని చూస్తారు. వాడకపోతే గ్యారంటీ పోయినట్టే. ఆయన వచ్చేసరికి అది ఫ్రీజరులా ఉండాలి" అంది.

"చచ్చినదాన్ని ఫ్రీజరులా ఎలా ఉంచనమ్మా?"

"గడ్డకట్టినవేవైనా పెట్టండి."

ఆ రెండు రోజులూ నోయెలీన్‌కి కోర్టు బోనూ, అందులో తన ఊదారంగు స్వెట్టరూ, పేపర్లో ఫోటో కింద "అబద్ధాల ఇల్లాలు" అన్న ముక్కా కళ్ళముందే ఆడాయి. మర్రే మాత్రం చట్రం విప్పి షెడ్డు వెనక దాచి, పీపాలు స్నానాల తొట్లో నిలబెట్టాడు.

"ఒక బఠాణీ సంచీ పెడితే చాలు నోలీ" అన్నాడు.

ఒక బఠాణీ సంచీ కోసమే ఆమె నెవ్ ఇంటికి వెళ్ళి, అడిగి తెచ్చుకుంది. నెవ్ మర్రేకి పాత తోటిపనివాడు, గురువారం మూతెత్తేవాళ్ళలో అందరికంటే మర్యాదస్తుడు. కాని ఈ ఊళ్ళో ఒకటి అడిగినవాళ్ళకి ఒకటే ఇవ్వడం తలవంపులు. సోమవారం పొద్దుటికి నెవ్ గొర్రె కాళ్ళతో దిగాడు. వెనకాలే ఒకరు బ్లూ కాడ్ చేపలు, ఒకరు జింక సాసేజీలు, ఒకరు గుర్తుగా దాచుకున్న కూతురి పెళ్ళి కేకు పై అంతస్తు పట్టుకొచ్చారు. పెట్టెలో గాలికి కూడా చోటు లేకుండా నిండింది.

"ఈస్టరుకని దాచుకున్న కాళ్ళు మర్రే, జాగ్రత్త" అన్నాడు నెవ్.

"చచ్చిన ఫ్రీజరులో పెట్టి జాగ్రత్తంటావేరా?" అన్నాడు మర్రే.

"అందుకే చెబుతున్నా."

ఉద్దేశ నిర్ధారణాధికారి పేరు గ్రేయమ్ టలక్. దక్షిణ మండలంలో అన్ని శీతల పరికరాల ఉద్దేశాలూ ఆయన అధీనంలోనే ఉంటాయి. సన్నగా, పొడుగ్గా, ఎవరి చావుకో వచ్చినట్టు టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. మూతెత్తాడు. గొర్రె కాలు మీద వేలితో కొట్టాడు. టంగుమంది. థర్మామీటరు గుచ్చి, కాసేపు ఆగి, తీసి చూశాడు.

"మైనస్ పద్నాలుగు. అభినందనలు మిసెస్ మెక్‌స్కిమింగ్. మీ ఫ్రీజరు బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

కిక్కిరిసిన మాంసం ఒకదాన్నొకటి పట్టుకుని చల్లగా ఉంటుందనీ, మూత తెరవకపోతే రోజంతా అలాగే ఉంటుందనీ అక్కడున్న ముగ్గురిలో ముప్పై ఏళ్ళు మాంసం ఫ్యాక్టరీలో చేసినవాడికి ముందే తట్టాల్సింది.

"చచ్చిందండీ" అంది నోయెలీన్. "మోటారు వినండి."

టలక్ చెవి పెట్టి విన్నాడు. "చప్పుడే లేదే" అని మెచ్చుకోలుగా తలాడించి, 'నిశ్శబ్దంగా పనిచేయును' అన్న చోట టిక్కు పెట్టాడు. "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు ఇక్కడ సంతకం పెట్టండి."

నోయెలీన్ పెన్ను అందుకుంది. ఆ సంతకం చివర ఆమెకి గురువారం కనిపించింది. వంతెన కనిపించింది. వంతెన కింద నీళ్ళూ, నీళ్ళలో తలకిందులుగా మర్రే బండీ, ఇంకా తిరుగుతున్న దాని చక్రమూ కనిపించాయి. పెన్ను కింద పెట్టేసింది.

"ఆ కాళ్ళు నెవ్‌వి" అంది. "చేపలు ఎదురింటివాళ్ళవి. కేకు ఎవరిదో నాకే తెలీదు. ఇది బీరు పోసే పెట్టెండీ. చట్రం షెడ్డు వెనకుంది. పీపాలు స్నానాల తొట్లో ఉన్నాయి. నన్నేం చేసినా ఫరవాలేదు, దీన్ని మాత్రం బాగుచేయించండి. లేకపోతే గురువారం ఈయన నది దాటతాడు."

"నోలీ" అన్నాడు మర్రే, నేలమీదున్న నూనె మరకను చూస్తూ.

టలక్ అంతా శ్రద్ధగా విన్నాడు. ఒక చీజ్ రోల్ తిన్నాడు. (ఉద్యోగ నియమాల్లో వద్దని లేదు.) తరవాత తీర్పు చెప్పే గొంతుతో అన్నాడు:

"మీరు చెప్పినదాని ప్రకారం ఇది చచ్చింది, కాని పనిచేస్తోంది. రెండేళ్ళు తప్పుడు ఉద్దేశంతో వాడారు, ఈ పూట మాత్రం నా కళ్ళముందు సరైన ఉద్దేశంతో వాడారు. పైగా అడక్కుండానే ఒప్పుకున్నారు. ఇలాంటి పశ్చాత్తాపానికి మా దగ్గర ఒక పథకం ఉంది. మారిన వినియోగదారుల పునరావాస పథకం. ఇంతవరకూ ఎవరూ మారలేదు కాబట్టి వాడే అవసరం రాలేదు."

"అంటే?" అంది నోయెలీన్.

"కొత్తది ఇస్తాం. ఊరికే."

నోయెలీన్ ఆయనకి మిగతా చీజ్ రోల్స్ కూడా పొట్లం కట్టి ఇచ్చింది.

మాంసమూ కేకూ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. కంపెనీ చరిత్రలోనే లేనంత వేగంగా మర్నాడే కొత్త ఫ్రీజరు దిగింది. దాని పేరు ఉద్దేశ రక్షిత నమూనా. మారిన వినియోగదారులు మళ్ళీ పాత దారి పట్టకుండా ప్రత్యేకంగా తయారుచేశారు. చల్లదనం తగ్గించే మీట లేదు. మూతకీ పెట్టెకీ మధ్య చెక్క కాదు కదా, వేలు దూర్చినా అలారం ఏడుస్తుంది. మర్రే తన పాత డబ్బాకి తగిలించి కరెంటు ఆపి చూస్తే, దానికి లోపలే ఒక బ్యాటరీ ఉందని తెలిసింది. అది పెట్టిన కేకకి మూడు పొలాల అవతలి కుక్కలు బదులు పలికాయి.

"పీపాలు పెట్టి చూద్దాం, అంత చల్లబడదులే" అన్నాడు మర్రే. ఫ్రీజరు తయారుచేసినవాళ్ళ నిజాయితీ మీద అతనికి అప్పటికింకా అనుమానముంది.

అంతా చల్లబడింది. బుధవారం పొద్దున నోయెలీన్ చెవికి గరాజులోంచి టప్పుమని ఒక చప్పుడు వినిపించింది. వెళ్ళి చూస్తే ఒక పీపాకి పొట్ట ఉబ్బి మూత ఊడింది, మిగతావి గుండ్రాళ్ళు. గడ్డకట్టి కరిగిన బీరుని మర్రే పగవాడికి కూడా పొయ్యడు. మొత్తం కాలవలో పారబోసి, ఖాళీ పెట్టెలో నోయెలీన్ అడిగి తెచ్చిన బఠాణీ సంచీ పడేశాడు.

గురువారం సాయంత్రం మామూలుగానే నెవ్, ఇంకో ఇద్దరూ పొలాలకి అడ్డంపడి వచ్చారు. కుళాయిలు లేవు. ఎవరూ ఏమీ అడగలేదు. నెవ్ ఎప్పటిలాగే నెమ్మదిగా మూతెత్తాడు. చాలాసేపు లోపలికి చూశాడు.

"మంచి బఠాణీ" అన్నాడు.

"బాగుంటాయి" అన్నాడు మర్రే.

రెండోవాడు చూశాడు. మూడోవాడు చూశాడు. అందరూ ఒప్పుకున్నారు. మూత మూశారు. కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాక, ఎవరూ అనకుండానే మర్రే గోడ మేకుకున్న బండి తాళాలు తీశాడు.

'వెళ్ళొద్దు' అన్న మాట ఈ ఊరి ఆడవాళ్ళు వాడరు. దాని బదులు వేరే మాట ఉంది.

"కోటు తీసుకెళ్ళు" అంది నోయెలీన్.

"ఇంత ఎండలోనా?"

"అయినా సరే."

కోటు తీసుకున్నాడు. బండి దుమ్ము రేపుకుంటూ విల్లో చెట్ల వెనక్కి పోయింది. నోయెలీన్ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దింకా పూర్తిగా వాలలేదు, వంతెన ఒక పక్క కనిపిస్తూనే ఉంది. అప్పుడు ఫోను మోగింది. కేలీ.

"నోయెలీన్ గారూ, మా సేవ ఎలా ఉందో కనుక్కుందామని చేశానండీ. ఫ్రీజరు గడ్డకట్టిస్తోందా?"

"గడ్డకట్టిస్తోంది."

"సరైన ఉద్దేశంతోనే వాడుతున్నారా?"

"బఠాణీలు పెట్టాం."

"చాలా సంతోషమండీ. పదికి ఎన్ని మార్కులిస్తారు?"

తక్కువిస్తే మళ్ళీ అధికారిని పంపుతారేమోనని నోయెలీన్ "పది" అంది. వంతెన మీద ఏదో బండి దుమ్ము లేచింది. మర్రేది కాదు, పాల ట్యాంకరు.

"ఇంకేమైనా సహాయం కావాలాండీ?"

"అమ్మాయ్, ఆయనొచ్చేదాకా కాస్త లైన్లో ఉంటావా? ఏం మాట్లాడక్కర్లేదు."

"ఉండేదాన్నేనండీ" అంది కేలీ, మెల్లగా. "కాని మీరు పది ఇచ్చేశారు కదా. సమస్య తీరినవాళ్ళతో మాట్లాడితే మావాళ్ళు ఒప్పుకోరు."

కేలీ లైనులోంచి వెళ్ళిపోయింది. వెంటనే ఒక రికార్డు గొంతు, ఈ ఇంటి ఫైలు సంపూర్ణ సంతృప్తితో మూసివేయబడిందని, ఆమె పెట్టేసేదాకా, చెబుతూనే ఉంది.